కాబూల్ ఇంగువ, గుడివాడ ముక్కులు

ముందే ఒప్పేసుకుంటాను. నా మాటల్లో కాస్త గాలి ఉంటుంది. పిల్లిని చూసి పులిని చూశానని చెప్పే రకం కాదు నేను. పిల్లిని చూస్తే, పులే నన్ను చూసి దారి తప్పుకుందని చెప్పే రకం. మా ఆవిడ నా లెక్కలన్నిటినీ ఎనిమిదితో భాగించి వింటుంది. మీరు కొత్తవాళ్లు కనక సగానికి కోసుకుని చదవండి, చాలు. ఇందులో నిఖార్సైన అబద్ధం ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే చెబుతాను. మిగతావి అబద్ధాలు కావు, పొంగిన నిజాలు.

నేను పనిచేసింది గుడివాడ శివార్లలో, ఒక ఇంగువ తయారుచేసే షెడ్డులో. హోదా పర్చేజ్ మేనేజరు. పర్చేజ్ డిపార్టుమెంటు అంటే నేను, ఒక టేబులు, ఆ టేబులు కుంటికాలి కింద ఒక ఇటుక ముక్క. ఇరవై రెండేళ్లు చేశాను. యాభై నాలుగో ఏట నా మోకాళ్లు రాజీనామా ఇస్తే వాటి వెనకే నేనూ ఇచ్చాను.

ఇల్లు బందరులో. రోజూ రైల్లో రాకపోకలు. ఇరవై రెండేళ్లలో ఏనాడూ నాకు సీటు దొరకలేదన్న మాట లేదు. సాయంత్రం నేను ఎక్కగానే నా చుట్టూ నాలుగు వరసలు ఖాళీ అయ్యేవి. గుడ్లవల్లేరులో పడుకున్నవాడు పెడనలో లేచి కూర్చుని, "ఎవరింట్లోనండీ పప్పుచారు?" అని అడిగేవాడు. రైలు చిలకలపూడి దాటకముందే మా ఆవిడకి వాసన అందేది, కాఫీకి నీళ్లు పడేసేది. ఒకసారి మా పెట్టె వాసనకి రైలే ఆగిపోయిందని చెబుతుంటాను. సిగ్నల్ పడి ఆగిందని గిట్టనివాళ్లు అంటారు.

మీ వంటింట్లో అగ్గిపెట్టెంత ఇంగువ డబ్బా ఉంటుందే, దాంట్లో మూడు సరుకులుంటాయి. మొదటిది ముడి ఇంగువ. అఫ్ఘాన్ కొండల్లో ఒక మొక్క వేరుకి గాటు పెడితే కారే పాలు అది, గట్టిపడి ఢిల్లీ బజారుకి వస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు పోపులో వేస్తే ఇల్లు ఖాళీ చేసి పోవలసిందే. అందుకని దాంట్లో సూడాన్ నుంచి వచ్చే చెట్టుబంక, ఇక్కడి మైదా కలిపి, చేత్తో పిసికి, ఆరబెట్టి, మనుషులు తట్టుకునేలా చేస్తారు. అఫ్ఘాన్, సూడాన్ పటంలో ఏ మూలనున్నాయో మా షెడ్డులో ఎవరికీ తెలియదు. అక్కడ తుపాకి పేలితే గుడివాడలో చారు చప్పబడిపోతుందని మాత్రం నేను చెప్పబోయే ఏడే తెలిసింది.

మీలో కుర్రాళ్లు చాలామంది ఇప్పుడు ఇలాంటి ఉద్యోగాలే చేస్తున్నారు. మీకు స్క్రీన్లున్నాయి, సప్లయి ఆగిపోతే ఎర్రగా వెలిగే గీతలున్నాయి. మాకు చారు ఉండేది. వెటకారం కాదు. మా షెడ్డులో ఒక ఆచారం. ముడి ఇంగువ కొత్త లాటు రాగానే చిటికెడు తీసి ఆ మధ్యాహ్నం చారులో పోపు పెడతారు. ఓనరుగారితో సహా ఎవరుంటే వాళ్లం వరసగా కూర్చుని ఆ చారుతో అన్నం తింటాం. అందరికంటే ముందు పెద్దమ్మ రుచి చూసి, "ఊఁ" అంటే లాటు పాసు. "ఊహూఁ" అంటే వచ్చిన లారీలోనే వెనక్కి. వేరే కాగితం లేదు, సంతకం లేదు.

పెద్దమ్మ అంటే పిసికే విభాగంలో పెద్దావిడ. అయిదుగురు ఆడవాళ్లలో అందరికంటే పాతమనిషి. దివిసీమలో పుట్టి, పెళ్లయి గుడివాడ వచ్చింది. చారు గ్లాసు చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని, "ప్రభువా, నీకు స్తోత్రం" అని, అప్పుడు వాసన పీల్చేది. ఆ ముక్కు గురించి ఎంత చెప్పినా పొంగించినట్టు కాదు. ఒకసారి లారీ గేటు బయట ఉండగానే, "మూడో మూటకి తేమ తగిలింది బాబూ" అంది. విప్పితే మూడో మూటే. సగానికి కోసుకునేవాళ్ల కోసం: లారీ గేటు లోపలే ఉంది.

రెండో విడత కరోనా వచ్చిన ఆ వేసవిలో ఆవిడా, వాళ్లాయనా ఇద్దరూ మంచాన పడ్డారు. ఆయన జ్వరం నుంచి లేచాడు గానీ పనిలోకి లేవలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆ ఇల్లు ఇక ఆవిడ జీతం మీదే నడవాలి. జూన్‌లో ఆవిడ షెడ్డుకి తిరిగొచ్చినప్పుడు మేం చప్పట్లు కొట్టాం. ఓనరుగారు, "మా మిషను వచ్చేసిందిరోయ్" అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఒక సంగతి జరిగింది. పొయ్యి మీద పోపు మాడి బొగ్గయింది. దానికి వీపు పెట్టి కూర్చుని పెద్దమ్మ బంకలో పుల్లలు ఏరుతోంది. నేను గేటు దగ్గర్నించి పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పాను.

"ఏంటి పెద్దమ్మా, మాడు కంపు కూడా కొత్త లాటే అనుకున్నావా?" అని నవ్వాను.

ఆవిడా నవ్వింది. కాస్త ఆలస్యంగా నవ్వింది. నా జోకులకి అందరూ ఆలస్యంగానే నవ్వుతారు కనక పట్టించుకోలేదు.

ఆగస్టులో కాబూల్ చేతులు మారింది. స్టేషను పక్క టీకొట్టులో టీవీ ముందు నిలబడ్డాం. విమానం వెంట జనం పరిగెడుతున్నారు. అందరూ అయ్యో అంటుంటే, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నేను వాళ్ల వెనక మూటలేమైనా కనిపిస్తాయేమోనని చూశాను. పర్చేజ్ ఉద్యోగం మనిషి కంటికి చేసే పని అది.

ఢిల్లీ వ్యాపారికి ఫోన్ చేశాను. నా హిందీ బెజవాడ దాకా నడుస్తుంది, అక్కణ్నించి ఆటో ఎక్కాలి. ఆయన చెప్పిందాంట్లో నాకు 'బంద్' అనే మాట ఒక్కటే గట్టిగా అర్థమైంది. రోడ్డు బంద్, బ్యాంకు బంద్, అక్కడ ఆయనకి ముప్పై ఏళ్లుగా సరుకు పంపే మనిషి ఫోను బంద్. చివర్లో గొంతు తగ్గించి ఇంకేదో అన్నాడు. ఫోను పక్కనున్న లారీ డ్రైవరు చెవికి పెడితే అర్థం చెప్పాడు. "సరుకు దేవుడెరుగు, వాడికి ముగ్గురు పిల్లలండీ, ఎలా ఉన్నారో తెలియట్లేదు అంటున్నాడు."

ఆ మాట ఓనరుగారికి చెప్పాను. ఆయనది పెదపారుపూడి. పొలం చేసుకుంటూ వ్యాపారంలోకి వచ్చిన మనిషి. మనసు మంచిదే, నోరు మాత్రం దుక్కి దున్నుతున్నట్టు ఉంటుంది.

"పాపం, ఆ పిల్లలు చల్లగా ఉండాలి" అన్నారు. కండువాతో మొహం తుడుచుకుని, "మరి కార్తీకమాసం సంగతేంటయ్యా?" అన్నారు.

కార్తీకంలో చాలామంది ఉల్లి, వెల్లుల్లి మానేస్తారు. వంటలో ఆ లోటంతా ఇంగువే మొయ్యాలి. వనభోజనాల వంటవాళ్లు, పచ్చళ్లవాళ్లు ముందే ఆర్డర్లు ఇచ్చేశారు. గోడౌనులో సరుకు మూడు వారాలకి సరిపోతుంది.

"ఢిల్లీలో లేదంటున్నారండి."

"లేకపోతే కాబూల్ వెళ్లు. ఇప్పుడు విమానాలు అటు ఖాళీగానే వెళ్తున్నాయిగా!"

అక్కడ మొదలైంది నా పిచ్చి పరుగు. తెలిసిన బజార్లన్నిటికీ ఫోన్లు చేశాను. పొద్దున ఉందన్నవాడు సాయంత్రం లేదనేవాడు. సాయంత్రం చెప్పిన రేటు మర్నాడు గుర్తుపట్టలేనంత ఎదిగిపోయేది. ఫోన్ చేసీ చేసీ నా కుడిచెవి అరిసెలా ఉబ్బింది. చివరికి బొంబాయిలో ఒక కొత్త వ్యాపారి తగిలాడు. సరుకు ఇరాన్ మీదుగా దుబాయ్ చేరిందని, దుబాయ్ నుంచి తన గోడౌనుకి వచ్చిందని, రెండే డ్రమ్ములున్నాయని, అవతలి లైన్లో ఇంకో పార్టీ ఉన్నాడని చెప్పాడు.

ఇరవై ఏళ్లలో నేను శాంపిలు చూడకుండా చెప్పులు కూడా కొనలేదు. ఆ రోజు రెండు డ్రమ్ములు కొనేశాను. పిల్లలూ, మీకు చెప్పదగ్గ మాట నా దగ్గర ఒక్కటే ఉంది, ఇక్కడే చెప్పేస్తాను. ఎక్కడో యుద్ధం మొదలైతే మీ గోడౌనులో ముందుగా అయిపోయేది సరుకు కాదు. 'అసలిది మంచిదేనా?' అని అడిగే అలవాటు అయిపోతుంది.

డ్రమ్ములు వచ్చాయి. మూత తీసి తల లోపలికి పెట్టాను. మామూలుగా అయితే అలా పెట్టినవాణ్ని కాళ్లు పట్టుకుని బయటికి లాగాలి. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇంగువ ఉంది గానీ, పక్కవీధిలో ఉన్నట్టు ఉంది. వేరే బంకేదో కలిపాడని అనుమానం వచ్చింది. కానీ వెనక్కి పంపితే కార్తీకానికి షెడ్డు మూసుకోవాలి. పైగా శాంపిలు చూడలేదన్న సంగతి ఓనరుగారికి తెలిసిపోతుంది. మధ్యాహ్నం చారు ఉందిగా, పెద్దమ్మ ఉందిగా, ఆవిడ ఊహూఁ అంటే చూద్దాం అనుకున్నాను.

అనుకున్నవాణ్ని నోరు మూసుకుని కూర్చోవచ్చుగా! ఓనరుగారు ఎదురుగా కూర్చునేసరికి నా రక్తంలో ఉన్న రోగం పైకొచ్చింది. చారు పొగ నా దాకా రాకముందే ముక్కుపుటాలు ప్రకాశం బ్యారేజీ గేట్లలా ఎత్తేశాను. కళ్ల నీళ్లు పెట్టుకున్నాను. "అబ్బబ్బబ్బ!" అని తలపట్టుకున్నాను. మూడు తుమ్ములు తుమ్మాను, మూడోది కొంచెం బాగా కుదిరింది.

పెద్దమ్మ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని నా వైపే చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత అంది.

"ఊఁ."

నేను నివ్వెరపోయాను. చారు చప్పగా అనిపించినా, ఆవిడ ఊఁ అన్నాక కాదనే ముక్కు మా షెడ్డులో ఎవరికీ లేదు. నా ముక్కుకి అందనిది ఆవిడ ముక్కుకి అందిందేమో అనుకున్నాను. అనుమానం నాది, నమ్మకం ఆవిడ మీద. ఎవరి నమ్మకం ఎవరి మీద ఆనుకుని నిలబడిందో తర్వాతగానీ తెలియలేదు.

పది రోజుల్లో లాటంతా డబ్బాల్లోకి వెళ్లింది, డబ్బాలు బందరు నుంచి అవనిగడ్డ దాకా వెళ్లాయి. కార్తీకం మొదటి ఆదివారం తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. రెండో ఆదివారం తర్వాత మనిషే వచ్చాడు. బందరులో పేరున్న వంటాయన. స్కూటరుకి క్యారేజీ తగిలించుకుని వచ్చి, మూత తీసి, నా టేబులు మీద చారు పెట్టాడు.

"తాగండి మేనేజరు గారూ."

"ఇప్పుడే టీ తాగానండి..."

"తాగండి సార్. తాగి, దీంట్లో మీ ఇంగువ ఎక్కడుందో నాకు చూపించండి. పొద్దుట్నుంచీ వెతుకుతున్నాను, నాకు కనపడలా."

"పోపులో నూనె బాగా కాగిందాండీ?"

"నలభై ఏళ్లుగా పోపు పెడుతున్నానండీ నేను! మూడొందల మంది భోజనానికి కూర్చున్నారు. ఒకాయన లేచి, 'ఏవండీ, చారు అయిపోయి వేణ్నీళ్లు పోస్తున్నారా?' అన్నాడు. మా బావ ముందు అన్నాడండీ!"

బావ ముందు పోయిన పరువుకి నష్టపరిహారం ప్రపంచంలో ఏ కంపెనీ ఇవ్వలేదు. ఆయనకి దండం పెట్టి, డబ్బాలన్నీ వెనక్కి తీసుకుంటామని చెప్పి పంపాను. ఓనరుగారు పెదపారుపూడి నుంచి బయల్దేరారని ఫోన్ వచ్చింది. కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంటుంటే పెద్దమ్మ వెనకాల నిలబడి ఉంది.

"బాబూ, మీతో ఒక మాట."

"చెప్పు పెద్దమ్మా."

"నాకు వాసన తెలవట్లేదండి."

"జలుబా?"

"మే నెల్నించండి."

నా మొహం మీద నీళ్లు అలాగే ఆగిపోయాయి. "మరి ఇన్నాళ్లూ ఊఁ అంటున్నావు కదా?"

"మీ మొహం చూసి అంటన్నా బాబూ. సరుకు మంచిదైతే మీ ముక్కు పైకి లేస్తది. ఓ మాదిరిదైతే మీసం గోక్కుంటారు. మూణ్నెల్లలో ఒక్కసారి తప్పలా. ఈ లాటుకైతే మీరు తుమ్మారు కూడాను. ఇంత మంచి సరుకు ఎప్పుడూ రాలేదనుకున్నా." కొంగుతో చేతులు తుడుచుకుంది. "రోజూ ప్రార్థన చేస్తన్నా, వాసన తిరిగి రావాలని. వస్తే ఎవరికీ చెప్పే పని ఉండదని. ముక్కు పోయిందంటే నన్నెవరు ఉంచుకుంటారండీ? ఇంట్లో ఆయన..." అని ఆపేసింది.

అదండీ సంగతి. నా ముక్కు ఆవిడ ముక్కుని నమ్ముకుంది, ఆవిడ ముక్కు నా ముక్కుని నమ్ముకుంది. కొండల అవతల రోడ్డు మూసుకున్న రోజున ఆ రెండు ముక్కుల మధ్య నుంచి రెండు డ్రమ్ముల వేరేదో బంక దర్జాగా నడిచి వెళ్లిపోయింది.

ఓనరుగారు వచ్చారు. అందర్నీ షెడ్డులో వరసగా కూర్చోబెట్టారు. వెనక్కొచ్చిన డబ్బాలు ఆయన వెనకాల గుట్టగా ఉన్నాయి. "ఈ సరుకుని పాసు చేసిందెవరు?" అన్నారు. కాకులు కూడా అరవడం మానేశాయి.

అప్పుడు నేను లేచాను. గుండె మీద చెయ్యి వేసుకుని ముందుకొచ్చాను. "తప్పు నాదండీ. శాంపిలు చూడలేదు. సరుకు పల్చగా ఉందని తెలిసి కూడా నాటకమాడాను. పెద్దమ్మని ఏమైనా అంటే ముందు నా రాజీనామా తీసుకోండి" అన్నాను. నా గొంతు షెడ్డు రేకులకి తగిలి ఖంగున మోగింది. ఆడవాళ్లు కొంగులు కళ్లకి అద్దుకున్నారు. ఓనరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, "మగాడివయ్యా" అన్నారు. పెద్దమ్మ ఒక్కపూట కూడా పని మానలేదు.

ఆ తర్వాత చారు పరీక్ష పద్ధతి మారింది. మార్చింది పెద్దమ్మే. కొత్త లాటు వస్తే మిగతా నలుగురు ఆడవాళ్లూ, నేనూ, ఓనరుగారూ గోడకేసి తిరిగి, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా కూర్చుని చారు తాగాలి. తాగాక ఎవరి మాట వాళ్లు ఆవిడ చెవిలో చెప్పాలి. బయటివాళ్లు చూస్తే బళ్లో శిక్ష వేసిన పిల్లల్లా ఉండేవాళ్లం. ముద్ద పిసికితే సరుకు ఎలాంటిదో ఆవిడ వేళ్లకి తెలుస్తుంది, ఆ ముక్క ఓనరుగారికి అప్పటిదాకా తట్టలేదు. ఆ పాడు లాటప్పుడూ వేళ్లకి తేడా తగిలిందట గానీ, వేళ్లకంటే నా తుమ్ముల్నే ఎక్కువ నమ్మిందట. వేళ్ల పని ఆవిడదే అయింది. ఢిల్లీ వ్యాపారి సంక్రాంతి దాటాక ఫోన్ చేశాడు. అవతలి మనిషి దొరికాడట, ముగ్గురు పిల్లలూ క్షేమమట. సరుకు గురించి అడగటం ఇద్దరం మర్చిపోయాం. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చి మళ్లీ చేశాను.

తర్వాత సూడాన్‌లో యుద్ధం వచ్చి బంక ఆగింది. ఇంకోసారి అఫ్ఘాన్ సరిహద్దు గేటు మూసి ఇంగువే ఆగింది. ప్రతిసారీ రేట్లు ఎగిరాయి, ఫోన్లు మోగాయి, చెవి ఉబ్బింది. కానీ శాంపిలు లేకుండా ఒక్క మూట గేటు దాటలేదు. గోడకేసి తిరిగి కూర్చోవడం అలవాటైంది కదా.

పెద్దమ్మకి వాసన మరుసటి ఏడు వచ్చింది. ఒకరోజు నేను ఆవిడ పక్కనుంచి వెళ్తుంటే చటుక్కున తలెత్తింది. నా చొక్కా అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎప్పుడూ మేనేజరు బాబూ, మీరు అనే మనిషి.

"ఒరే అబ్బాయ్," అంది, "నువ్వు కంపు కొడుతున్నావురా!"

నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన సన్మానం అదొక్కటే. శాలువా లేదు గానీ, శాలువాలకి ఆ వాసన ఎక్కడ ఉంటుంది?

ఇక మాట ఇచ్చాను కనక, అబద్ధం ఏదో చెప్పాలి.

నేను లేచాను, అది నిజం. కాకపోతే ఆ రోజు కాదు. ఆ రోజు ఓనరుగారు అడిగినప్పుడు నేను డబ్బాల మీద అచ్చు వేసిన చిరునామా చదువుతూ కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా తెలిసిన చిరునామాయే. లేచింది పెద్దమ్మ. "నేనేనండి పాసు చేసింది. నాకు వాసన పోయిందండి, చెప్పకుండా దాచాను" అంది. నా ముక్కు గురించి, నా తుమ్ముల గురించి ఒక్క మాట అనలేదు. చెబుతుందేమోనని భయపడి ఆ చిరునామానే పిన్‌కోడు దాకా మళ్లీ చదివాను. ఆవిడ నా వైపు చూడను కూడా చూడలేదు. ఓనరుగారు, "ఇంటికెళ్లు పెద్దమ్మా, కబురు పెడతాను" అన్నారు. ఆవిడ కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, క్యారేజీ తీసుకుని వెళ్లిపోయింది.

నేను పెదపారుపూడి వెళ్లింది అయిదో రోజు పొద్దున. ఓనరుగారు పొలం గట్టు మీద ఉన్నారు. అన్నీ చెప్పాను. గొంతు మోగలేదు, పక్కన ఇంజను చప్పుడుకి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. ఆయన భుజం మీద చెయ్యి వెయ్యలేదు. "ఇదేదో ఆ రోజే చెబితే ఏం పోయేదయ్యా?" అన్నారు. అంతే అన్నారు. దానికి పొంగించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఆ మధ్యాహ్నమే ఆవిడ ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చాను. గుమ్మంలో నన్ను చూసి, "రండి బాబూ, మంచినీళ్లు తాగుతారా?" అంది. ఆ నాలుగు రోజులు ఆ ఇల్లు ఎలా గడిచిందో ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు.

కనక రైలు ఆగడం, లారీ గేటు, తుమ్ములు, కాకులు, అన్నిటినీ మీరు సగానికి కోసుకోండి. మా ఆవిడలా ఎనిమిదితో భాగించినా నాకు అభ్యంతరం లేదు. ఆ నాలుగు రోజుల్ని మాత్రం నాలుగుగానే ఉంచండి.